కుడిచేతి చుక్క

పెద్దవ్వ పోయిన సంగతి మా ఇంటికి బట్టల మూటతో పాటు వచ్చింది. సోమవారం వేసిన మూట బుధవారం పొద్దున్నే, ఉతకకుండా, ముడి కూడా విప్పకుండా తిరిగొచ్చింది. తెచ్చినామె వాళ్ళ పాలివాళ్ళ మనిషి. మూటను అరుగు మీద పెట్టి, రెండడుగులు వెనక్కి జరిగి నిలబడి, "మైల వడ్డ ఇంట్ల ఊరి బట్టలు ఉండొద్దని పంపిండ్రు సారు. అవ్వ తెల్లారంగ పానం ఇడిచింది" అంది. నేనింకా వేపపుల్ల నోట్లోనే పెట్టుకుని ఉన్నాను. మూట విప్పి చూశాను. నా చొక్కాలు, మా ఆవిడ చీరలు, దుప్పటి, అన్నీ వేసినవి వేసినట్టే ఉన్నాయి. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఆమె చేతికి వెళ్ళిన బట్ట మురికిగా తిరిగి రావడం అదే మొదటిసారి.

పెద్దవ్వ మా ఊరి చాకలి. నాకు రక్తసంబంధం ఏమీ లేదు. మా ఇల్లు బజారు చివర, వాళ్ళ వాడ మొదట్లో ఉంటుంది కాబట్టి ఇరుగుపొరుగు. ఊళ్ళో చాలామంది ఆమెను 'ఏమే', 'ఓసేయ్' అని పిలిచేవారు, ఆమెకన్నా ముప్పై ఏళ్ళు చిన్నవాళ్ళు కూడా. మా అవ్వ మాత్రం నన్ను పెద్దవ్వా అని పిలవమంది. నేను పుట్టినప్పుడు పురిటి బట్టలు ఉతికింది ఆమేనట, ఆ మాత్రం మర్యాద ఉండాలనేది. పెద్దవ్వ నన్ను 'బిడ్డా' అనేది. చాలా ఏళ్ళు అట్లాగే అంది. తరువాత 'సారు' అనడం మొదలుపెట్టింది. ఆ పిలుపు ఎందుకు మారిందో చెప్పుకోవడానికే ఇది రాస్తున్నాను. ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు.

మా ఊరి పేరు రాయను. చెన్నూరు దాటి గోదావరి వైపు వచ్చే బస్సెక్కితే, కండక్టరు "దిగుండ్రి, జల్ది దిగుండ్రి" అని తొందరపెట్టే ఊళ్ళలో అదొకటి. పల్లె అంటే ఊరివాళ్ళకు కోపం, పట్నం అంటే బయటివాళ్ళకు నవ్వు. బజారు ఒకటి, దొర గడి ఒకటి, వాడలు నాలుగు. పెద్దవ్వకు అక్షరం ముక్క రాదు కానీ ఈ ఊరంతా ఆమెకు చుక్కల్లో తెలుసు. నల్లజీడి గింజను సూదితో పొడిచి, ఆ రసంతో ప్రతి ఇంటి బట్టకూ మూలన చుక్కలు పెట్టేది. మా ఇంటివి మూడు చుక్కలు, కింద అడ్డగీత. గడివి రెండు గీతలు. కిరాణం సేటువి నాలుగు చుక్కలు నలుచదరంగా. బట్ట పీలికలైపోయినా ఆ చుక్క పోదు. రేవులో యాభై ఇళ్ళ బట్టలు కలిపి ఉడకబెట్టి ఆరేసినా, మాపటికి ఎవరివి వాళ్ళకు చేరేవి. మా ఇంటి తువ్వాలు ఒక్కటి పొరుగింటికి పోయిందన్న మాట నేను వినలేదు.

ఓట్ల విషయంలో మా ఊరిది వింత గొప్ప. మా ఊరు ఎన్నడూ ఓడేవాడికి ఓటు వేయలేదని పెద్దమనుషులు మీసం దువ్వుకునేవారు. బజారు సంగతి తెలిసిందే, ఏ ఎండకా గొడుగు. గడి సంగతి ఇంకా సులువు. పాత పార్టీ ఉన్నప్పుడు దొర పాత పార్టీ, అది చీలినప్పుడు గెలిచే చీలిక, కొత్త పార్టీ వచ్చినప్పుడు కొత్త పార్టీ. గోడల మీద రంగులు మారేవి, గడిలో కుర్చీలు మాత్రం అవే, వాటిలో కూర్చునేవాళ్ళూ వాళ్ళే. ఇక వాడల ఓట్లు గడి వెంట నడిచేవి. నడిచేవి అన్నాను కానీ, అది కూడా అబద్ధమే. ఎట్లా అబద్ధమో తరువాత చెబుతాను.

ఎన్నికలొస్తే ఎవరు గెలుస్తారో పెద్దవ్వ రేవులోనే చెప్పేది. బజారులో పేపరు చదివేవాళ్ళు ఎన్ని లెక్కలు చెప్పినా, చివరికి ఆమె మాటే నిలిచేది. ఎట్లా తెలుస్తుందని అడిగితే నవ్వి, "బట్టలు జెప్తయి బిడ్డా. గంజి జర ఎక్కువ వెట్టు, జర కడక్ ఉండాలె అంటడు సూడు, ఆడు ఓడిపోతడు. గెలిసేటోనికి గంజి ఫికర్ ఉండదు" అనేది. నేను దీన్ని మూడు ఎన్నికలు పరీక్షించి చూశాను. తప్పలేదు. గెలిచినవాడి వల్ల వాడకు ఏమైనా ఒరుగుతుందా అని అడిగితే మాత్రం ఆమె బట్ట పిండుతూ తల కూడా ఎత్తేది కాదు. "ఎవలు గెలిస్తేంది, మురికి ఒక్కతీర్గనే ఉంటది" అనేది.

అరవైతొమ్మిదిలో ప్రత్యేక రాష్ట్రం కావాలని ఊరూవాడా లేచినప్పుడు నేను చదువుకుంటున్న కుర్రవాణ్ణి. బడులు మూతపడ్డాయి. మంచిర్యాలలో ఊరేగింపుకు పోయి, లాఠీ దెబ్బ తిని, నెత్తిమీద గాయంతో బస్సు దిగాను. చొక్కా అంతా నెత్తురు. మా బాపు చూస్తే చంపుతాడని నేరుగా రేవుకు పోయాను. పెద్దవ్వ చొక్కా విప్పించి వాగునీళ్ళలో ముంచింది. పక్కనే బాన కింద మంట మండుతోంది, ఉడుకు నీళ్ళున్నాయి కదా అన్నాను. "నెత్తురు మరకకు ఉడుకునీళ్ళు వెట్టొద్దు బిడ్డా, పట్టుకుంటది. సల్లనీళ్ళల్ల సిన్నగ రుద్దాలె" అంది. సాయంత్రానికి చొక్కా తెల్లగా అయింది. ఆ తరువాత నా జీవితంలో ఎంతోమంది పెద్దవాళ్ళు ఎన్నో సంగతులు నేర్పారు, వాటిలో సగం మరిచిపోయాను. ఇది మరిచిపోలేదు.

ఆ ఊపు చల్లారకముందే ఎన్నికలు వచ్చాయి. నాకు కొత్తగా ఓటు హక్కు వచ్చింది. ఉద్యమం పేరు చెప్పి నిలబడ్డవాళ్ళకు పొద్దున్నే పోయి ఓటు వేశాను. వేలి మీద పడ్డ నల్ల చుక్కను ఎవరికైనా చూపించకపోతే నాకు ఊపిరి ఆడేట్టు లేదు. రేవుకు పరుగెత్తాను. పెద్దవ్వ నా వేలు పట్టుకుని, ఎండకు తిప్పి, గోటితో గీకి చూసింది.

"జీడి తీర్గనే ఉన్నది గదా" అంది.

"పోదు పెద్దవ్వా. ఎన్ని దినాలు కడిగినా పోదు."

"మంచిగున్నది. మాకెన్నడు వెట్టలే" అంది.

నేను అప్పుడు ఆ మాట వినిపించుకోలేదు. నా సంబరం నాది. మేము గెలిపించినవాళ్ళు గెలిచి, కొద్ది రోజులకే పాత గూటికి పోయి కలిశారు. నేను నాలుగు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. పెద్దవ్వ బట్టలిచ్చి పోతూ నా ముఖం చూసి, "ఉతికిన బట్ట మల్ల అదే మోరిల వడ్డదా" అంది. ఓదార్పు ఆమెకు రాదు. ఉన్న మాట చెప్పడమే ఆమె ఓదార్పు.

'మాకెన్నడు వెట్టలే' అన్న మాట నాకు అర్థం కావడానికి చాలా ఏళ్ళు పట్టింది. టీచరు ఉద్యోగం వచ్చి, ఎన్నికల డ్యూటీలు పడి, నేనే సీసా ముందు పెట్టుకుని వందల వేళ్ళకు చుక్కలు పెట్టిన తరువాత అర్థమైంది. ఓటు రోజు పొద్దున్నే, దొర పనులు చూసే గడి సుంకరి వాడకు వచ్చేవాడు. "మీ ఓట్లు వడ్డయి, మీరు పనికి పోండ్రి" అని చెప్పి పోయేవాడు. అంతే. వాడలో ఎవరూ బూతు గడప తొక్కింది లేదు. జాబితాలో పేర్లన్నింటికీ గీతలు పడేవి, పెట్టెలో కాగితాలన్నీ ఉండేవి, వాడ మొత్తంలో ఒక్క వేలికీ చుక్క ఉండేది కాదు. పంచాయితీ ఎన్నికలంటే గడిలో కూర్చుని ఒక పేరు అనుకోవడమే. "మా ఓట్లు మూటగట్టి ఇచ్చేటియేనాయె బిడ్డా, ఇడిగ ఎవలు అడిగిండ్రు" అని పెద్దవ్వ ఒకసారి మామూలుగా చెప్పింది, పప్పులో ఉప్పు తక్కువైందని చెప్పినట్టు.

కొత్త పార్టీ వచ్చినప్పుడు వాడ యువకులు ఈసారి మేమే వేస్తామని బయలుదేరారు. వాళ్ళలో పెద్దవ్వ కొడుకు కూడా ఉన్నాడు. ఆమెకు ఒక్కడే కొడుకు. రేవులో ఆమె ఉతికితే అతను పిండేవాడు. దుప్పటి ఒక చివర రాతికి తగిలించి, రెండో చివర ఒక్కడే పట్టుకుని మెలిపెడితే బొట్టు నీరు మిగిలేది కాదు. అటువంటి బలమైన చేతులు. వాళ్ళు వరసలో గంట నిలబడ్డాక లోపలివాళ్ళు జాబితా చూసి, మీ ఓట్లు పడిపోయాయి పొమ్మన్నారు. గుమ్మం దగ్గర అదే సుంకరి నిలబడి ఉన్నాడట, మెడలో కండువా ఒక్కటే కొత్తది.

ఎనభైలు ముగుస్తున్న రోజులు. అప్పటికి అడవి మా ఊరి పొలిమేర దాకా వచ్చింది. అడవి అంటే అందులో ఉన్న అన్నలు. గడి తాళం పడింది, దొర పట్నం పోయాడు. పోతూ సుంకరిని మాత్రం ఇక్కడే వదిలి వెళ్ళాడు. ఎన్నికలు ప్రకటించగానే బడి గోడ మీద ఎర్ర అక్షరాలు వెలిశాయి. ఓటు వేయొద్దు, వేసిన వేలు ఉండదు అని. మూడో రోజు పోలీసు జీపు వచ్చింది. అందరూ ఓటు వేయాల్సిందే, తెల్లారి వచ్చి వేళ్ళు చూస్తాం, చుక్క లేనివాళ్ళు అన్నల మనుషులన్నట్టే అని మైకులో చెప్పి పోయింది. బజారు వాళ్ళు ఆ వారం చుట్టాల ఇళ్ళకు పోయారు. వాడవాళ్ళకు పోవడానికి చుట్టాలు కూడా అటువంటి ఊళ్ళలోనే ఉన్నారు. అడకత్తెరలో పోకచెక్క అంటామే, దానికైనా రెండు వైపులా ఒకే కత్తెర.

ఉపాయం పెద్దవ్వకే తట్టింది. ఓటు వేయకుండా వేలికి చుక్క ఉండాలి. జీడి ఉండగా దిగులెందుకు. అన్నలు అడిగితే ఇది జీడి, మేం బూతు మొహం చూడలేదని చెప్పొచ్చు. పోలీసులు అడిగితే వేలు చూపించొచ్చు.

నేను డ్యూటీకి బయలుదేరే ముందు సాయంత్రం, పొద్దుగూకే వేళ, ఆమె నా బట్టలు తెచ్చింది. ఇస్త్రీ చేసిన చొక్కాలు మంచం మీద పెట్టి, పోకుండా నిలబడింది. మా ఆవిడ వంటింట్లో ఉంది. పెద్దవ్వ గొంతు తగ్గించి ఆ ఉపాయమంతా చెప్పింది. చెప్పి, అడిగింది.

"నువ్వు అప్పుడు సుక్క సూపెట్టినవు గద బిడ్డా రేవుకాడ. అది ఏ చెయ్యి? నాకు యాదికొస్తలేదు. వాడల ఒగలు కుడి అంటరు, ఒగలు ఎడమ అంటరు. ఎవలం సూడలేదాయె."

నాకు తెలుసు. నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. ఎడమచేతి చూపుడు వేలు. ఏళ్ళ తరబడి అదే వేలు పట్టుకుని చుక్క పెట్టినవాణ్ణి. కానీ ఆ క్షణంలో నాకు కనిపించింది ఆ వేలు కాదు. సర్కారు నౌకరి చేస్తూ దొంగ చుక్కకు సలహా ఇచ్చాడని ఎవరైనా చెబితే ఏమవుతుందో కనిపించింది. అటువైపు అన్నలకు, ఈ సారే ఓట్ల సంగతులు మాట్లాడుతున్నాడని తెలిస్తే ఏమవుతుందో కనిపించింది. ఇద్దరు పిల్లలు, ఇంకా చాలా ఏళ్ళున్న ఉద్యోగం, నా పిరికితనం, అన్నీ ఒక్కసారే ముందుకొచ్చాయి.

"గవన్నీ నన్నడుగకు పెద్దవ్వా. నాకేం తెల్వది" అన్నాను.

ఆమె కోప్పడలేదు. నా రెండు చేతులూ పట్టుకుని కిటికీ వెలుతురు వైపు తిప్పి, వేళ్ళన్నీ చూసింది. పాత మచ్చ ఏమైనా మిగిలిందేమోనని వెతికినట్టుంది. ఏమీ లేదు. డ్యూటీ వాళ్ళం మా ఓట్లు పోస్టులో వేస్తాం, మా వేళ్ళకు చుక్క పడదు. ఊరందరికీ పెట్టేవాడి చెయ్యి కడిగినట్టు ఉంది. ఆమె నా చేతులు వదిలేసి, "సరే" అంది. గుమ్మం దాటాక తనలో తను అనుకున్నట్టు, "మంచి పనికి ఎవలైన కుడిచెయ్యే సాపుతరు" అంది. వెనక్కి పిలవడానికి నాకు అప్పటికీ సమయం ఉంది. వీధి మలుపు దాకా ఆమె నడక చూస్తూ నిలబడ్డానే గాని పిలవలేదు.

నేను డ్యూటీ ముగించుకుని మూడో రోజు ఇంటికి వచ్చాను. జరిగింది మా ఆవిడ చెప్పింది, మా అరుగు మీద నుంచి అంతా చూసింది కాబట్టి. ఓటు రోజు సాయంత్రం పెద్దవ్వ తన గుడిసె ముందు కూర్చుని వాడ వాడంతటికీ చుక్కలు పెట్టింది. జీడి ఒంటికి తగిలితే బొబ్బలెక్కుతుందని ఆమెకంటే తెలిసిందెవరికి. అందుకని ఒక్కొక్కరి వేలికీ ముందు నూనె రాసి, గోటి మీద, గోటి మొదట్లో సూదిమొనతో పెట్టింది. ఎంత నలుపు పడుతుందో చూడాలని అందరికంటే ముందు తన వేలికి నూనె లేకుండా పెట్టుకుంది. అది పొక్కి పుండై, తరువాత ఎప్పటికీ పోని మచ్చ అయింది.

తెల్లారి జీపు వచ్చింది. వాడ మొత్తాన్నీ వరసగా నిలబెట్టి చేతులు చాపమన్నారు. అందరూ కుడిచెయ్యి చాపారు. ముసలివాళ్ళు, ఆడవాళ్ళు, కొత్తకోడళ్ళు, అందరూ, పెండ్లిలో కంకణానికి చాపినట్టు. జీపు దిగిన ఆఫీసరు మొదట నవ్వాడట. అతని వెనక ఉన్నవాళ్ళూ నవ్వారట. తరువాత ఎడమచేతులు చాపమన్నాడు. తరువాత ఎవరూ నవ్వలేదు.

మగవాళ్ళను జీపులో, వెనక వచ్చిన లారీలో ఎక్కించుకుపోయారు. ఈ చుక్కలు పెట్టిందెవరని అడిగితే పెద్దవ్వ కొడుకు, నేనే అన్నాడు. తల్లిని చూపించలేక అన్నాడు. వారం తరువాత అందరూ తిరిగొచ్చారు. అతని కుడిచేతి వేళ్ళు మాత్రం మళ్ళీ ముడుచుకోలేదు. ఏ చేత్తో పెట్టినవో చూపించమని అడిగి కొట్టారని అతను తరువాత చెప్పాడు. మంచిర్యాల ఆసుపత్రిలో చూపించాం, బెల్లంపల్లిలో చూపించాం. దుప్పటి కాదు, చేతిరుమాలు కూడా పిండలేకపోయాడు.

ఇంకొక సంగతి చెప్పాలి, చెప్పకపోతే మా ఊరి ఓట్ల కథ పూర్తి కాదు. పెట్టెలు తెరిచి లెక్కించినప్పుడు ఆ వాడ బూతులో ఓట్లు దాదాపు అన్నీ పడి ఉన్నాయి. అక్కడ డ్యూటీ చేసిన తోటి ఉపాధ్యాయుడు నాకు చెవిలో చెప్పాడు. పొద్దున ఎనిమిదింటికే సుంకరి ఇంకో నలుగురితో వచ్చి కానిచ్చేశాడట. అంటే కాగితం ప్రకారం వాడంతా ఓటు వేసింది, వేళ్ళ ప్రకారం ఒక్కరూ వేయలేదు. ఓటు వేయనందుకు దెబ్బలు తిన్నవాళ్ళంతా ఓటు వేసినట్టు రాసి ఉంది. నెల తరువాత బడి గోడ మీద మళ్ళీ ఎర్ర అక్షరాలు వెలిశాయి, బహిష్కరణ జయప్రదం చేసిన ప్రజలకు వందనాలని. సర్కారు వాళ్ళు ఎక్కువ శాతం పోలింగు జరిగిందని సంతోషించారు. ఇద్దరూ గెలిచారు. మా ఊరు ఎప్పటిలాగే గెలిచినవాళ్ళ వైపే ఉంది.

నేను వచ్చిన మరునాడు పెద్దవ్వ బట్టల కోసం వచ్చింది. వేలికి గుడ్డ చుట్టి ఉంది. నేను అరుగు మీద తల వంచుకుని కూర్చున్నాను. ఏమైనా అంటుందని, తిడుతుందని, తిడితే బాగుండునని ఎదురు చూశాను. మూట కట్టుకుని నెత్తిన పెట్టుకుని, "పోతున్న సారు" అంది.

సారు. ముప్పై ఏళ్ళు పైబడి బిడ్డా అన్న మనిషి. అందులో ఎత్తిపొడుపు లేదు, కోపం లేదు, ఊళ్ళో అందరూ నన్ను పిలిచే పిలుపే. అప్పటి నుంచి ఆమె నన్ను వేరే పేరుతో పిలవలేదు. మా బట్టలు మాత్రం ఎప్పటిలాగే ఉతికింది. మూడు చుక్కలు, అడ్డగీత. పండగకు మా ఆవిడ ఇచ్చిన బువ్వ తీసుకునేది, మా అమ్మాయి పెళ్ళికి అందరికంటే ముందు వచ్చి పందిట్లో దుప్పట్లు పరిచింది. ఏ లోటూ చేయలేదు. ఆ ఒక్క మాట తప్ప.

కొడుకు బెల్లంపల్లిలో ఎవరి గోదాముకో కాపలా మనిషిగా కుదిరి భార్యతో వెళ్ళిపోయాడు. అరవై దాటిన ఈమె ఒక్కతే రేవుకు పోయేది. దుప్పట్లు పిండేవాళ్ళు లేక నీళ్ళు కారుతుండగానే ఆరేసేది. మా ఇంటి దుప్పట్లు రెండు రోజులు ఆరేవి. మేము ఏమీ అనేవాళ్ళం కాదు.

తొంభైల నడిమిలో మళ్ళీ ఎన్నికలు వచ్చాయి. ఆ సారి నాకు డ్యూటీ పడలేదు, కాలు విరిగి సెలవులో ఉండి అప్పుడే తిరుగుతున్నాను. కర్ర పట్టుకుని ఆమె గుడిసెకు పోయి, "పెద్దవ్వా, ఈసారి నేను తోల్కపోత. నీ ఓటు నువ్వే ఎయ్యాలె" అన్నాను. నా పాపం కడుక్కోవాలని నా తాపత్రయం. ఆమెకు అది తెలుసు. అయినా ఉతికిన చీర కట్టుకుని నా వెంట వచ్చింది. ఎండలో గంటన్నర నిలబడ్డాం. లోపల కుర్చీలో కూర్చున్న కుర్ర టీచరు జాబితాలో వేలు జరుపుకుంటూ పోయి ఆగాడు.

"ఈ ఓటు అయిపోయింది అవ్వా" అన్నాడు.

నేను గొంతు పెంచాను. నా జీవితంలో బహిరంగంగా గొంతు పెంచింది అప్పుడే. నియమం చెప్పాను, అడిగితే వేరే కాగితం ఇవ్వాలని చెప్పాను. రెండు పార్టీల ఏజెంట్లూ ఒకే బెంచీ మీద కూర్చుని ఒకే పొట్లంలో పల్లీలు తింటున్నారు. ఇద్దరూ నన్ను చూసి నవ్వారు. ఆఫీసరు ఆ కాగితాలు ఇంకా రాలేదన్నాడు, తరువాత చూద్దామన్నాడు. పెద్దవ్వ నా మోచెయ్యి పట్టుకుంది. "పోనీ సారు. నా బదులు ఎవలో పొద్దుగాల్నే లేసి అచ్చి నిలవడ్డరు, పుణ్యాత్ములు" అంది.

కుర్ర టీచరుకు సిగ్గేసినట్టుంది. మంచివాడే. చుక్క సీసా ముందుకు జరిపి, "పోనీ సుక్కన్న పెట్టనా అవ్వా?" అని అడిగాడు. ఆమె అప్పటికే చెయ్యి చాపి ఉంది. ఎడమచెయ్యి. చూపుడు వేలు ముందుకు పెట్టి, నేర్చుకున్న పాఠం అప్పగించే పిల్లలా చాపింది. ఆ మాట వినగానే వేలు ముడుచుకుంది.

"ఎయ్యని ఓటుకు సుక్కెందుకు బిడ్డా. ఒక్కపారి వెట్టుకున్న, సాలు" అంది.

బిడ్డా అన్నది ఆ కుర్రవాణ్ణి.

పోయిన నెల ఆమె మంచం పట్టిందని తెలిసి చూడబోయాను. కోడలు వచ్చి ఉంది. మనిషి సగమైపోయింది. మంచం పక్కన పీట మీద కూర్చుని, ఏళ్ళుగా గొంతులో ఉన్నది బయటపెట్టాను. "పెద్దవ్వా, ఆనాడు నువ్వు అడిగినవు చూడు. నాకు తెలుసు. ఎడమ చెయ్యని తెలుసు. భయపడి చెప్పలే."

ఆమె కళ్ళు మూసుకునే ఉంది. "ఎర్కే సారు" అంది. తరువాత తనే, "సుక్కలు వెట్టేటోనికి ఎర్కలేకుంట ఉంటదా" అంది. నేను ఏడ్చాను. ఆమె నా వైపు తిరిగి, కోడలితో, "సారుకు మంచినీళ్ళియ్యి" అంది. క్షమించిందో లేదో అడగడానికి నోరు రాలేదు. అడిగినా ఆమె చెప్పేది కాదు. ఓదార్పు ఆమెకు రాదని ముందే రాశాను.

బుధవారం మధ్యాహ్నం వాళ్ళింటికి పోయాను. ఊళ్ళో ఎవరు పోయినా శవం దారిలో బట్ట పరిచింది ఆమే. ఆమె పోయిననాడు పరచడానికి పక్క ఊరి నుంచి మనిషి రావాల్సి వచ్చింది. బజారు నుంచి వచ్చినవాళ్ళు నలుగురైదుగురు, దూరంగా చెట్టు కింద నిలబడి రాబోయే ఎన్నికల మాటలు మాట్లాడుకుంటున్నారు. కొడుకు బెల్లంపల్లి నుంచి వచ్చాడు. నిప్పుల కుండ పట్టుకోవడానికి వేళ్ళు ముడవక, ఎడమచేత్తో పట్టుకున్నాడు. ఎడమచేత్తో పట్టుకోవచ్చా అని ఎవరో గొణిగారు. అతను వినిపించుకోలేదు.

అంతకుముందు, వాకిట్లో ఆడవాళ్ళు ఆమెకు నీళ్ళు పోస్తుంటే చూశాను. ఊరందరి మురికీ కడిగిన చేతులను ఇంకెవరో కడుగుతున్నారు. కుడిచేతి చూపుడు వేలి మీద జీడి మచ్చ నల్లగా, మెరుస్తూ అట్లాగే ఉంది. ఒక పిల్ల తెలియక దాన్ని మురికి అనుకుని బొటనవేలితో గట్టిగా రుద్దింది. ముసలామె ఒకామె ఆ పిల్ల చెయ్యి పక్కకు తీసింది. తరువాత ఎడమచెయ్యి ఎత్తి కడిగారు. సోడానీళ్ళకు నాని నాని తెల్లగా పాలిపోయిన వేళ్ళు. చూపుడు వేలి మీద ఒక్క మరక లేదు. కడగడానికి ఏమీ లేక, నీళ్ళు ఊరికే దాని మీదుగా జారిపోయాయి.